రోజూ ప్రార్థన చేస్తున్నా మనసుకు తృప్తి ఎందుకు నిలవదు?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు సంఘాల్లో తరచుగా వినపడే మాట ఒకటుంది: "ఆత్మీయంగా చల్లారిపోయానండీ." ఈ మాట అనేవాళ్ళు ప్రార్థన మానేసినవాళ్ళు కారు. ఆదివారం ఆరాధన తప్పనివాళ్ళు, ఉపవాస ప్రార్థనల్లో ముందు వరుసలో కూర్చునేవాళ్ళు, ఇంట్లో కుటుంబ ప్రార్థన నడిపించేవాళ్ళు. కాన్వెన్షన్ సభలు జరిగినన్ని రోజులూ కన్నీళ్ళతో పాడతారు. రెండు వారాలు గడిచేసరికి లోపలంతా ఖాళీగా ఉందంటారు. ఆ ఖాళీ వెనకే ఒక భయం కూడా ఉంటుంది: నా విశ్వాసంలోనే ఏదో లోపముందేమో, దేవుడు నన్ను విడిచిపెట్టాడేమో అని.

ఈ భయాన్ని "ఇంకా ఎక్కువ ప్రార్థన చెయ్యండి" అన్న ఒక్క సలహాతో దాటవేయడం నాకు సరిగా అనిపించదు. చాలామంది విషయంలో ప్రార్థన తక్కువ కావడం అసలు కారణమే కాదు. తృప్తినివ్వమని దేవుణ్ణి అడిగేటప్పుడు మనం మూడు వేర్వేరు సంగతులను కలిపేసి అడుగుతుంటాం. మనసు ఎప్పుడూ ఉల్లాసంగా ఉండాలి. అడిగినవి దొరకాలి. దేవుని లెక్కలో నేను మంచివాడిగానే ఉన్నానన్న భరోసా కావాలి. ఈ మూడూ చెడ్డ కోరికలు కావు. కానీ బైబిలు చెప్పే తృప్తి ఈ మూడింటిలో ఏదీ కాదు. దీన్ని విడదీసి చూడకపోతే, మంచి విశ్వాసి కూడా ఏళ్ళ తరబడి తనను తాను నిందించుకుంటూ బతుకుతాడు.

ముందు ఉల్లాసం సంగతి చూద్దాం. సభల్లో కలిగే ఆనందం అబద్ధం కాదు. వందలమంది ఒకే గొంతుతో పాడుతున్నప్పుడు, ఇంటి గొడవలూ పని టెన్షనూ పక్కన పెట్టి వాక్యం వింటున్నప్పుడు మనసు తేలికపడుతుంది. అది దేవుడిచ్చిన మేలే. చిక్కెక్కడ వస్తుందంటే, ఆ మూడు రోజుల స్థితినే మామూలు స్థితి అనుకుని, మిగతా సంవత్సరమంతా దాంతో పోల్చుకోవడంలో.

ఏలీయా కథ ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగింది, జనమంతా సాగిలపడ్డారు. అంతకంటే పెద్ద సభ ఏముంటుంది? అది మొదటి రాజుల గ్రంథం 18వ అధ్యాయం. 19కి వచ్చేసరికి అదే ఏలీయా యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో ఒక చెట్టు కింద కూర్చుని చచ్చిపోతే బాగుండునని దేవుణ్ణి అడుగుతున్నాడు. దేవదూత వచ్చి ఏం చేశాడు? నీ విశ్వాసం ఏమైందని గద్దించలేదు. లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. దేవుడు అతనితో హోరేబు దగ్గర మాట్లాడింది ఆ తర్వాతే, నలభై రోజుల ప్రయాణం అయ్యాక. అలసిన మనిషికి ఉపదేశం కంటే ముందు అన్నం, నిద్ర కావాలని గ్రహించిన దేవుడు ఆ అధ్యాయంలో కనపడతాడు.

ఈ ఎండిపోయినతనం మన కాలంలో పుట్టింది కాదు. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ప్రార్థనకే బతుకు అంకితం చేసుకున్న సన్యాసులుండేవారు. వాళ్ళలో ఒకడైన ఎవాగ్రియస్ మధ్యాహ్నం వేళ మనిషిని పట్టుకునే ఒక నిస్సత్తువ గురించి రాశాడు. పొద్దు కదలనట్టే అనిపిస్తుంది. ఉన్న చోటు మీద విసుగు పుడుతుంది. తోటివాళ్ళలో ప్రేమ లేదనిపిస్తుంది. వేరే చోటికి వెళ్తే దేవుణ్ణి ఇంకా బాగా సేవించవచ్చనిపిస్తుంది. ఇది చదివినప్పుడు, ఏడాదికో సంఘం మారేవాళ్ళూ, రాత్రి ఒక ప్రసంగం సగం విని ఇంకో ప్రసంగానికి వేలు కదిపేవాళ్ళూ నాకు గుర్తొస్తారు. ఎవాగ్రియస్ చెప్పిన మందు చాలా సాదా: ఉన్న చోటే ఉండు, చేతిలో ఉన్న పని చెయ్యి, ప్రార్థన మానకు. మదర్ తెరెసా చనిపోయిన పదేళ్ళకు, 2007లో, ఆమె ఉత్తరాలు అచ్చయ్యాయి. దశాబ్దాల పాటు ఆమె లోపల దేవుని సన్నిధి తెలియని చీకటి అనుభవించిందని వాటివల్ల లోకానికి తెలిసింది. ఆమె చేతులు మాత్రం ఆగలేదు. ఇక కీర్తనల గ్రంథం చూడండి. 150 కీర్తనల్లో మొర పెట్టుకునేవి ఎన్నో ఉన్నాయి. 88వ కీర్తనైతే చివరి వరకూ వెలుగన్నది లేకుండానే, చీకటి మాటతో ముగుస్తుంది. దాన్ని లేఖనంలో ఉంచారంటే, అలాంటి ప్రార్థన కూడా దేవుడు వినే ప్రార్థనే.

రెండో చిక్కు, అడిగినవి దొరకడం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని ఒక బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డు తీసుకోవడం మన సంఘాల్లో ఎంత ప్రియమైన ఆచారమో చెప్పక్కర్లేదు. ఆ వచనాన్ని ఫ్రేము కట్టి గోడకు పెట్టుకుంటాం, ఫోన్‌లో స్టేటస్‌గా పెట్టుకుంటాం. దాన్ని నేను తప్పుపట్టను. అయితే "నిన్ను ఆశీర్వదిస్తాను" అన్న మాటలోకి మనం ఆ ఏడాది కావాల్సిన ఉద్యోగం, సంబంధం, ఇల్లు కూర్చేసుకుంటే, మార్చి నెలాఖరుకల్లా దేవుడు మాట తప్పాడన్న అనుమానం మొదలవుతుంది. అడగొద్దని కాదు. అడగమని యేసే చెప్పాడు. కానీ దొరకడం మీద తృప్తిని నిలబెట్టుకుంటే, అది దొరికిన మర్నాడే ఇంకో అవసరం ముందు కూలిపోతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఇటు గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి ఊళ్ళ మీదికొచ్చాయి, మనుషులు పోయారు. వంశధార పొంగి గుణుపురం వైపు పొలాలు మునిగాయి. గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం మూడో వంతుకు పైగా క్రైస్తవులే. నష్టపోయినవాళ్ళలో రోజూ ప్రార్థన చేసే ఇళ్ళు ఎన్నో ఉండి ఉంటాయి. అలాంటి ఇంటికి వెళ్ళి "విశ్వాసముంటే నష్టం రాదు" అని ప్రసంగించగలమా? హబక్కూకు 3వ అధ్యాయం చివర్లో అంజూరపు చెట్టు పూయదు, ద్రాక్ష కాయదు, చేనిలో పంట లేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు. అన్నీ పోయిన జాబితా అంతా చెప్పాకే ఆ ప్రవక్త "అయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను" అంటాడు. పోయినవాటిని ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పుకోవడం అక్కడ అవిశ్వాసం కాలేదు.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 13వ వచనాన్ని మనం పరీక్షల ముందు పిల్లలతో కంఠస్థం చేయిస్తాం, ఆటోల వెనక రాయిస్తాం. క్రీస్తు బలంతో అన్నీ చేయగలనని పౌలు అన్నమాట అది. దాని పై రెండు వచనాలు మాత్రం వదిలేస్తాం. ఆ "అన్నీ" ఏమిటో అక్కడే ఉంది: కడుపు నిండినప్పుడు ఉండటం, ఆకలితో ఉండటం, సమృద్ధిలో ఉండటం, లేమిలో ఉండటం. రాసింది సంకెళ్ళలో. ఏ పరిస్థితిలోనైనా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని అతడు అంటున్నాడు. ఒక్క రాత్రిలో దిగివచ్చిన వరం అని చెప్పలేదు, నేర్చుకున్నానన్నాడు. మన చర్చంతా ఈ మాట మీదే నిలుస్తుందని నా నమ్మకం.

మూడోది, దేవుని లెక్కలో మంచివాణ్ణన్న భరోసా, అన్నిటికంటే లోతైనది, పసిగట్టడం కష్టమైనది కూడా. చాలామందికి రోజూ ప్రార్థన చేయడం ఒక హాజరు పట్టీ. చేసిన రోజు ధైర్యం, తప్పిన రోజు దోషం. తప్పిన రోజున బండి టైరు పంక్చరైతే అది శిక్షే అనుకుంటారు. ఇలా ఉన్నంతకాలం తృప్తి రానే రాదు, ఎందుకంటే ఆ పట్టీ ఎప్పటికీ నిండదు. ఎంత చేసినా ఇంకొకరు ఎక్కువ చేస్తూ కనపడతారు. లూకా 18లో గుడికి వెళ్ళిన ఇద్దరిలో పరిసయ్యుడు తన ఉపవాసాలు, దశమభాగాలు లెక్క చెప్పాడు. సుంకరి గుండెలు బాదుకుని కరుణించమన్నాడు. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్ళింది రెండోవాడే.

రోజువారీ విశ్వాసానికి బైబిలులో నాకు అన్నిటికంటే స్పష్టంగా కనపడే చోటు నిర్గమకాండము 16వ అధ్యాయం, మన్నా. ఇశ్రాయేలీయులు ఆకలితో సణిగినప్పుడు దేవుడు ఆహారం ఇచ్చాడు. ఇచ్చిన పద్ధతి గమనించాలి. పొద్దున్నే వెళ్ళి ఏరుకోవాలి, తలకొక ఓమెరు అనే కొలత చొప్పున. ఎక్కువ ఏరినవాడికి మిగల్లేదు, తక్కువ ఏరినవాడికి చాలకపోలేదు. కొందరు రేపటికని దాచారు, తెల్లారేసరికి పురుగులు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజు మాత్రం రెండింతలు, ఎందుకంటే ఏడో రోజు విశ్రాంతి. ఇందులో మనిషి పని ఏరుకోవడమే. మన్నాను అతడు పండించలేదు, సంపాదించలేదు, దాచలేకపోయాడు. రోజూ లేచి చెయ్యి చాపి తీసుకున్నాడు, అంతే. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఆ రోజుకు కావాల్సిన ఆహారాన్నే అడగమనడం ఈ కథ తెలిసినవాళ్ళకు కొత్తగా అనిపించి ఉండదు.

దీన్ని తిప్పి మన సమస్య మీద పెట్టి చూడండి. నిరుడు సభల్లో పొందిన ఆనందం ఈ రోజుకు ఎందుకు పనిచేయడం లేదంటే, అది దాచుకోవడానికి ఇచ్చింది కాదు. నిన్నటి తృప్తి ఇవాళ లేకపోవడం నా లోపానికి రుజువు కాదు. ఇవాళ్టిది ఇంకా తీసుకోలేదని మాత్రమే దాని అర్థం. విలాపవాక్యాలు 3వ అధ్యాయంలో, యెరూషలేము శిథిలాల మధ్య ఏడుస్తున్నవాడు కూడా దేవుని వాత్సల్యం అనుదినం కొత్తగా పుడుతుందనే అన్నాడు. నిలిచే తృప్తి అంటే ఎప్పుడూ నిండి ఉండటం కాదు, రేపు కూడా ఇచ్చేవాడున్నాడని తెలియడం. ఆ తెలియడమే కొన్నేళ్ళకు మనసులో ఒక ప్రశాంతతగా స్థిరపడుతుంది.

మరి రోజూ తీసుకోవడమంటే మన ఊళ్ళలో ఎలా ఉంటుంది?

తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి గంటసేపు మోకాళ్ళ మీద ఉన్నవాడే భక్తిపరుడన్న ఒక చిత్రం మన మనసుల్లో ఉంది. రాయగడ పక్క జేకేపూర్ కాగితపు మిల్లులోనో, తేరుబలి ఫెర్రో అల్లాయ్స్‌లోనో రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఆరున్నరకు ఇల్లు చేరే మనిషికి ఆ చిత్రం దోషం తప్ప ఇంకేమీ ఇవ్వదు. యేసు చీకటితో లేచి ప్రార్థించాడని మార్కు 1 చెప్తుంది, నిజమే. రాత్రంతా ప్రార్థించాడని లూకా 6 చెప్తుంది. దానియేలు రోజుకు మూడుసార్లు. పౌలు, సీలలు ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి. లేఖనం ఒకే గడియారాన్ని అందరికీ తగిలించలేదు. షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేసి పడుకోబోయే ముందు ఒక చిన్న కీర్తన, ప్రభువు ప్రార్థన, ఇంట్లోవాళ్ళ పేర్లు: ఇది తక్కువ రకం భక్తి కాదు.

జయపురం, కొరాపుట్ ప్రాంతాలకు సువార్త తెచ్చినవాళ్ళు జర్మనీలోని బ్రెక్లుం నుంచి 1882లో వచ్చిన లూథరన్ మిషనరీలు. ఆ సంప్రదాయానికి మూలమైన మార్టిన్ లూథరు, ఇంటి పెద్దలు పిల్లలకు నేర్పడానికి 1529లో ఒక చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. అందులో పొద్దుటి పద్ధతి ఎంత చిన్నదో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, కావాలంటే ఒక చిన్న ప్రార్థన, ఆ తర్వాత పాట పాడుకుంటూ సంతోషంగా పనికి వెళ్ళిపో అంటాడు. రాత్రికి కూడా అంతే, చివర్లో వెంటనే హాయిగా నిద్రపో అంటాడు. ప్రార్థన అయ్యాక పనికి వెళ్ళడం దేవుని సన్నిధి నుంచి బయటికి వెళ్ళడం కాదని అతనికి గట్టిగా తెలుసు. పర్లాకిమిడి వైపు కెనడా బాప్టిస్టుల వారసత్వంలో పెరిగినవాళ్ళకు ఎవరికి వారు బైబిలు చదివి ధ్యానించడం ఎక్కువ అలవాటు. నాకు రెండూ కావాలనిపిస్తుంది. మాటలు దొరకని రోజున కంఠస్థమైన ప్రార్థన మనిషిని మోస్తుంది, మాటలున్న రోజున సొంత మొర బయటికి రావాలి.

సరిహద్దు ఇళ్ళకు ఇంకో కష్టముంది. బామ్మ తెలుగు బైబిలు చదువుతుంది. మనవడు ఒడియా మీడియంలో చదువుకున్నాడు, తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరం రాదు. కుటుంబ ప్రార్థనలో వాడు ఫోన్ చూసుకుంటున్నాడని విసుక్కునే ముందు, వాడి చేతిలో వాడు చదవగలిగిన పుస్తకం పెట్టామా అని మనల్ని మనం అడగాలి. ఒకే అధ్యాయాన్ని బామ్మ తెలుగులో, మనవడు ఒడియాలో గట్టిగా చదివితే ఇద్దరూ వింటారు. పాటలు ఎలాగూ నోటిమీదే ఉంటాయి. పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు ఇవాళ్టికీ తెలుగు సంఘాలన్నిటా పాడుతున్నారంటే, అక్షరం రానివాళ్ళు కూడా వాటిని గుండెల్లో పెట్టుకోవడం అందులో పెద్ద కారణం. ఇంటి మగవాళ్ళు సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటే, రాత్రి ఫోన్‌లో ఒక పాట, ఒక ప్రార్థన. అదీ కుటుంబ ప్రార్థనే.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. నీళ్ళు, వంట, పిల్లలు, పొలం లేదా అంగడి, ఇవన్నీ అయ్యాక మిగిలిన పావుగంటలో కళ్ళు మూసుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. దానికి దేవుడు కోపగించుకుంటాడని ఏ బోధకుడైనా చెప్తే, ఆ బోధ తప్పు. ఇంట్లో భర్త భక్తిపరుడైతే అతని మొదటి క్రియ అంట్లు తోమి ఆమెకు ఒక అరగంట ఖాళీ ఇవ్వడం కావాలి.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. అన్ని ఖాళీలూ ఆత్మీయమైనవి కావు. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఏ పని మీదా మనసు పోకపోవడం, చచ్చిపోవాలనిపించడం ఇవి డిప్రెషన్ లక్షణాలు కావచ్చు. దాన్ని దురాత్మ అనో, విశ్వాసం చాలకనో అని మందులు మాన్పించడం ప్రాణానికే ముప్పు. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరు మీద ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఏ వేళైనా పలుకుతారు, ప్రాంతీయ భాషల్లో మాట్లాడతారు. పాస్టర్‌గారి ప్రార్థన, డాక్టర్‌గారి మందు ఒకదానికొకటి పోటీ కావు.

కొన్నిసార్లు ఖాళీకి కారణం మనకే తెలుసు. అన్నదమ్ములతో స్థలం తగాదా, మాటలు మానేసిన వదిన, ఎగ్గొట్టిన బాకీ. మత్తయి 5లో యేసు అర్పణను బలిపీఠం ముందే వదిలేసి, ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడమన్నాడు. ఆ ఒక్క ఫోన్ కాల్ చేయకుండా ఎన్ని ఉపవాసాలున్నా లోపల ముల్లు అలాగే ఉంటుంది.

యెషయా 58వ అధ్యాయం తృప్తి గురించి ఆలోచించే ప్రతి ఒక్కరూ నిదానంగా చదవాలి. అక్కడి జనం అడిగిన ప్రశ్న అచ్చం మనదే: మేము ఉపవాసమున్నాం, నువ్వెందుకు చూడటం లేదు? దేవుని జవాబు సూటిగా ఉంది. ఉపవాసం రోజునే మీరు పనివాళ్ళ చేత కష్టం చేయించుకుంటున్నారు, జగడమాడుతున్నారు. నాకిష్టమైన ఉపవాసం కాడి విప్పడం, ఆకలైనవాడికి నీ అన్నంలో భాగం పెట్టడం, ఇల్లు లేనివాణ్ణి చేర్చుకోవడం. అలా చేసినప్పుడు ఇచ్చిన మాట ఏమిటంటే, ఎండిన కాలంలో కూడా యెహోవా నిన్ను తృప్తిపరుస్తాడు, నువ్వు నీళ్ళు పట్టిన తోటలా ఉంటావు. మనం తృప్తి కోసం లోపలికే చూసుకుంటూ కూర్చున్నప్పుడు, ఆ అధ్యాయం చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకెళ్తుంది.

మన చుట్టూ ఆ వీధి దూరంలో లేదు. గజపతి కొండల్లో సవర గిరిజనులు, రాయగడ చుట్టూ కొంధు గిరిజనులు వైద్యానికీ చదువుకీ ఇప్పటికీ ఎంతో దూరం నడుస్తున్నారు. సెరంగోలో కెనడా బాప్టిస్టు మిషనరీలు పెట్టిన ఆసుపత్రి ఆ కొండల మధ్య పుట్టింది ఈ అధ్యాయాన్ని నమ్మినవాళ్ళ వల్లే. మనం ఆసుపత్రి కట్టక్కర్లేదు. సంతకు వచ్చిన సవర అమ్మ దగ్గర చింతపండు తూకంలో మోసం చేయకుండా కొనడం, పనిమనిషికి నెల జీతం ఒకటో తారీఖునే ఇవ్వడం, పెద్దాసుపత్రిలో ఒడియా రాక తికమకపడే తెలుగు ముసలాయనతో ఒక పూట ఉండటం చాలు. సహాయం పొందేవాళ్ళు ఏ దేవుణ్ణి కొలుస్తారన్న లెక్క ఇందులో రాకూడదు. మంచి సమరయుని కథలో గాయపడినవాడి మతం ఎవరూ అడగలేదు. మన బంధువుల్లో, వీధిలో ఎక్కువమంది హిందువులే. వాళ్ళ ఇంట్లో మరణం జరిగితే అందరికంటే ముందు వెళ్ళి, ప్రసంగం చేయకుండా కూర్చోవడం కూడా క్రీస్తును వెంబడించడమే.

ఇదంతా ఎన్నాళ్ళకు ఫలిస్తుందని అడుగుతారు. దమస్కు దారిలో పౌలుకు దర్శనమైన నాటి నుంచి, తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని అతడు రాసిన నాటికి దాదాపు పాతికేళ్ళు గడిచి ఉంటాయి. మధ్యలో దెబ్బలు, ఓడ పగలడం, స్నేహితులతో విభేదాలు, తీసెయ్యమని ముమ్మారు వేడుకున్నా పోని ముల్లు. కాబట్టి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజుల్లో మనసు మారలేదని ఎవరూ దిగులుపడక్కర్లేదు. ఏ మాటా రాని రాత్రి ఉంటే, 13వ కీర్తన తెరవండి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలోనే నాలుగుసార్లు "ఎన్నాళ్ళు" అని అడుగుతాడు దావీదు. మీరూ అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.